తలుపు వేసి, పళ్లు తీయించి చూడు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. విశాఖలో క్లినిక్ ఉద్యోగం మానేసి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకీ వృద్ధాశ్రమాలకీ తిరిగి పళ్లు చూస్తానంటున్నావని చెప్పాడు. వాడికి కోపంగా ఉంది. నాకైతే ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. వారానికో పూట నేనూ ఆ పని చేసినదాన్నే. నా తరవాత మన ఇంట్లో ఇంకెవరూ చెయ్యరనుకున్నాను. నా తమ్ముడి కూతురు చేస్తానందంటే గుండె నిండిపోయింది. ఆ వెనకే భయమూ వేసింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

గ్లవ్సులు, మాస్కు, పనిముట్లు ఎవరివి వాళ్లకి ఆటోక్లేవ్ చేసి విడివిడిగా పట్టుకెళ్లడం నీకు నేను చెప్పక్కర్లేదు. ఫీజు ముందే ఫోన్లో తేల్చుకో. చీకటి పడ్డాక కొత్త ఇంటికి ఒక్కదానివీ వెళ్లకు.

మందుల దగ్గర మాత్రం తొందరపడకు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే "బీపీ, సుగరు" అని ఊరుకుంటారు. మందుల సంచి తెప్పించి మంచం మీద బోర్లించు. ప్రతి స్ట్రిప్పూ నువ్వే చదువు. ఎముకల బలానికని వారానికో మాత్ర మింగుతున్నా, ఏడాదికో ఇంజక్షన్ చేయించుకుంటున్నా, పన్ను పీకే ముందు బాగా ఆలోచించు. పీకిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుపడే ప్రమాదం ఉంది. రక్తం పలచన చేసే మాత్రలుంటే నీ అంతట నువ్వు ఆపించకు, దానివల్ల పక్షవాతం రావచ్చు, గుండెపోటూ రావచ్చు. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనైందో చెప్పే పరీక్ష) చూడాల్సిన మందైతే చూడు, వాళ్ల డాక్టరుతో మాట్లాడు, కుట్టు వెయ్యి, గాజుగుడ్డ కరిపించి అరగంట అక్కడే కూర్చో. పీకడం పొద్దున్నే పెట్టుకో. మంచం మీంచి లేవలేని మనిషికి రాత్రి పదింటికి రక్తం కారితే ఎవరు మోసుకొస్తారు?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లకి వెళ్తే కిడ్నీ రిపోర్టు చూడకుండా నొప్పి మాత్ర రాయకు. డైక్లోఫెనాక్ రాయడం మన చేతికి అలవాటైపోయింది. ఆ ఊళ్లలో అది ప్రాణం మీదికి తెస్తుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఆ పూట రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పళ్ల పని మర్నాటికి పెట్టుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1994 వానాకాలం. టెక్కలి దాటాక లోపలికి ఒక ఊరు. ఒక టీచరు గారి అమ్మ, తుంటి ఎముక విరిగి ఆర్నెల్లుగా మంచం మీదే ఉంది. కింద పన్ను నొప్పి, అన్నం ముట్టట్లేదని కబురు చేశారు. నేను వెళ్లేసరికి గది నిండా జనం. కొడుకు, కోడలు, పండక్కొచ్చిన అల్లుడు, గుమ్మంలో పిల్లలు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడుకుంది. పైన కట్టుడు పళ్లు. తియ్యమ్మా చూస్తానంటే తల అడ్డంగా ఊపింది. అల్లుడి ముందు బోసినోరు తెరవడం ఆవిడ వల్ల కాదని నాకు తెలుస్తూనే ఉంది. బలవంతపెట్టకపోవడమే మర్యాద అనుకున్నాను. శ్రీకాకుళానికి ఆఖరి బస్సు ఆరింటికి. ఊగుతున్న కింద పన్ను పీకాను, రక్తం ఆగిందాకా ఉన్నాను, కోడలికి జాగ్రత్తలు చెప్పాను. సంచి సర్దుకుంటుంటే ఏడెనిమిదేళ్ల మనవరాలు, "మామ్మకి కారం తింటే పైన మంట" అంది. తల్లి కసిరింది. నేను విన్నాను అమ్మలూ. విని జిప్పు లాగాను.

గదిలో చుట్ట వాసన కూడా ఉంది. మన జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. అడ్డపొగ తాగుతూ చేపలు బాగుచేసుకునే ఆడవాళ్ల మధ్య తిరిగినదాన్ని. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటే ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయని, అంగిలి తెల్లగా మందమై కొందరికి క్యాన్సర్‌గా మారుతుందని పుస్తకంలో చదివి పరీక్ష రాసినదాన్ని. ఆవిడ చుట్ట కాల్చేటప్పుడు పళ్లు తీసి గ్లాసులో వేసుకునేదట. ఆ సంగతి తరవాత తెలిసింది. అడిగుంటే ఆ రోజే తెలిసేది.

ఐదు నెలలకి మళ్లీ కబురొచ్చింది. ఈసారి అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. ఆవిడే తన వేళ్లతో సెట్టు ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. అంగిలి మధ్యలో రూపాయి బిళ్లంత పుండు. అంచులు పైకి లేచి ఉన్నాయి, వేలితో తాకితే గట్టిగా ఉంది. దవడ కింద మెడలో గడ్డ తగిలింది. "అప్పుడు కూడా ఉందా అమ్మా ఇది?" అన్నాను.

"ఉంది. ఇలాగ తలుపేసుంటే అప్పుడే సూపించీదాన్ని కాదేటమ్మా" అంది.

తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుంది, నేనేడుస్తున్నానని. విశాఖ పంపాం. వచ్చే వానాకాలం చూడలేదావిడ. ఐదు నెలల ముందైతే గడ్డ మెడలోకి పాకి ఉండేది కాదేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ రోజు మెడ కూడా తడమలేదు, పాకలేదని మాత్రం ఎలా అంటాను?

అందుకని నీకు గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు. ఏ పనికి పిలిచినా, కింద పన్నుకే పిలిచినా, ముందు జనాన్ని బయటికి పంపు. వేణ్నీళ్లు కావాలను, తువ్వాలు తెమ్మను, ఏదో ఒకటి చెప్పి పంపు. తలుపు దగ్గరగా వెయ్యి. పళ్లు పెట్టుకోవడానికి గిన్నె ఆవిడ చేతికే ఇచ్చి, నీ మొహం కాసేపు పక్కకి తిప్పుకో. తీశాక టార్చి వేసి అంగిలి, నాలిక పక్కలు, నాలిక కింద, బుగ్గల లోపల చూసి మెడ తడుము. రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే పూతమందు రాసి రాకు, బయాప్సీకి పంపు. బస్సు పోతే పోనీ. ఆ ఊళ్లోనే ఎవరో ఒకరు పడుకోవడానికి చోటిస్తారు.

నా రెండో భయం పొలమారడం. మీ నాయనమ్మకి పక్షవాతం వచ్చాక ఏడాదిన్నర నా దగ్గరే ఉంది, నువ్వప్పుడు చిన్నదానివి. మింగుడు సరిగ్గా పడేది కాదు. రెండుసార్లు నిమ్ము చేసి ఆస్పత్రిలో పెట్టాం. ఎంత చదివినా, అమ్మ నోట్లో పాచి ఊపిరితిత్తుల్లోకి దిగుతోందని నాకు వెంటనే తట్టలేదు. అప్పట్నుంచి పొద్దునా రాత్రీ నేనే తోమేదాన్ని. తలకింద రెండు దిళ్లు, మొహం ఒక పక్కకి, పిల్లల మెత్తటి బ్రష్షు తడిపి, పిండి, బఠాణీ గింజంత పేస్టు. నోట్లో నీళ్లు పొయ్యకుండా తడి గాజుగుడ్డ వేలికి చుట్టి తుడిచేదాన్ని. చివర్లో పెదాలకి వాజలీను. అమ్మ నా వేలు కొరికేది, తరవాత నా చెంప నిమిరేది. జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో రెండేళ్లు ఇదే చేసి చూశారు. నోరు శుభ్రం చేసినవాళ్లలో నూటికి 11 మందికి నిమ్ము వస్తే, చెయ్యనివాళ్లలో 19 మందికి వచ్చింది. అది చదివిన రోజు నాకు మీ నాయనమ్మే గుర్తొచ్చింది.

కాబట్టి ఎవర్నీ వెల్లకిలా పడుకోబెట్టి పని చెయ్యకు. నోట్లో పెట్టే ప్రతి చిన్న వస్తువుకీ దారం కట్టు. కరెంటు పోతుంది, నోట్లో నీళ్లూ ఉమ్మీ లాగేసే సక్షన్, బ్యాటరీతో నడిచేది, లేకుండా గడప దాటకు.

ఆశ్రమాల్లో నీ కంటే ఎక్కువ పని ఆయాలది. నువ్వు నెలకోసారి వెళ్తావు, ఆవిడ రోజూ ఉంటుంది. అందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వకు. ఒక ఆయాని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక ముసలాయన నోరు ఆవిడ చేతే తోమించు. రాత్రి కట్టుడు పళ్లు తీయించి నీళ్లలో వెయ్యమని చెప్పు, ఒక్కో సెట్టు మీదా పేరు నువ్వే రాసి పెట్టు. మతిమరుపు ఉన్నవాళ్లు నొప్పి చెప్పలేరు. ముద్ద పెడితే మొహం తిప్పేసుకుంటారు, చెంప కొట్టుకుంటారు. దాన్ని మొండితనం అనుకుంటారు. అలాంటిది కనిపించగానే నీకు ఫోన్ చెయ్యమని ఆయాకే చెప్పు, మేనేజరుకి కాదు. ఆవిణ్ణి అమ్మా అనే పిలువు.

బీపీ మాత్రలూ నిద్ర మాత్రలూ నోరెండబెడతాయి. దాంతో పళ్లు వేర్ల దగ్గర పుచ్చిపోతాయి. అన్నీ పీకి కొత్తవి కట్టెయ్యాలని చూడకు. పుచ్చు చేతి పనిముట్టుతో గీరి, గ్లాస్ అయొనొమర్ సిమెంటు నింపు. అదీ వీల్లేకపోతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ రాస్తే పుచ్చు ఆగుతుంది, కానీ ఆ మచ్చ నల్లబడుతుంది. అమెరికాలో ఉన్న కొడుక్కీ కూతురికీ ముందే ఆ సంగతి చెప్పు. లేకపోతే వీడియో కాల్‌లో అమ్మ నల్లటి పన్ను చూసి కంగారు పడతారు, ఆవిడ ఇక నవ్వడం మానేస్తుంది.

నా పాత నుదుటి టార్చి, చిన్న అద్దాలు రెండు కొరియర్‌లో పంపిస్తున్నాను. టార్చికి కొత్త బ్యాటరీ వేయించాను. మీ నాన్న కోపం సంక్రాంతికల్లా దిగుతుంది, నేను మాట్లాడతాను.

ఇంకొక్క మాట. నాకూ పైన సెట్టే. నాలుగేళ్లయింది, మీ మావయ్య ముందు కూడా తియ్యను. దాని కింద ఎవరూ చూడలేదు. నువ్వొచ్చాక మేడ మీది గదిలో తలుపు వేసుకుని చూద్దువుగాని.

మీ పెద్దత్త