కందిపప్పు కేలరీలు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ఉంటాయి?

వంద గ్రాముల కందిపప్పుకు పాకెట్టు మీద 350, ఆహార పట్టికలో 330, ఫోన్ యాప్‌లో 120 కేలరీలు కనబడుతున్నాయని అడిగారు. మూడింటిలో ఏదీ తప్పు కానవసరం లేదండీ. యాప్‌లోనిది ఉడికిన పప్పు లెక్క అయి ఉంటుంది. పప్పు పీల్చుకున్న నీటికి బరువు ఉంటుంది గాని కేలరీలు ఉండవు.

మిగిలిన 20 కేలరీల తేడా చాలావరకు పీచు దగ్గర వస్తుంది. తయారీదారులు సాధారణంగా ఆహారాన్ని మండించి కొలవరు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త అట్‌వాటర్ రూపొందించిన పద్ధతిలో గ్రాము మాంసకృత్తులకు 4, పిండిపదార్థానికి 4, కొవ్వుకు 9 చొప్పున గుణిస్తారు. పీచును పిండిపదార్థంలో కలిపేస్తే గ్రాముకు 4 పడుతుంది, విడిగా లెక్కిస్తే 2 మాత్రమే. అంటే 9 గ్రాముల పీచుకే 18 కేలరీల తేడా వస్తుంది. బాదంపప్పులో ఈ గుణకాలు ఇంకా ఎక్కువ చూపిస్తాయి: 28 గ్రాములకు లెక్కప్రకారం సుమారు 170 రావలసి ఉండగా, 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు మనుషులకు తినిపించి కొలిస్తే 129 మాత్రమే తేలాయి, ఎందుకంటే కొవ్వులో కొంత అరగకుండానే బయటికి పోతుంది.

మీరు పప్పును వండకముందే తూచేవారైతే పాకెట్టు మీది అంకెనే వాడండి. పోపులో పడే ఒక్క టీ చెంచా నూనెకే దాదాపు 40 కేలరీలు ఉంటాయి కనుక, దాన్ని మాత్రం విడిగా కలుపుకోవాలి.