డెప్రికేటెడ్ అంటే తరుగుదల కాదు

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్ట్ రన్ చేసిన ప్రతిసారీ పసుపు రంగులో ‘డెప్రికేటెడ్’ అని హెచ్చరిక వస్తోంది. ఆడిటర్ దగ్గర పనిచేసే మా నాన్న ‘తరుగుదల అమ్మా అది’ అంటున్నారు. నిజమేనా? పట్టించుకోవాలా?
– ఓ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న మూడోసారి. నాన్నగారు చెప్పేది డిప్రిసియేషన్, ‘ధర’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. మీది వేరే. లాటిన్‌లో ‘డెప్రెకారి’ అంటే వేడుకుని కీడును తప్పించుకోవడం. ‘తల్లీ, ఈ గండం గట్టెక్కించు’ అని మీ ఊళ్లో పైడితల్లికి మొక్కుకుంటారే, అదే. 17వ శతాబ్దంలో ఈ అర్థంతోనే ఇంగ్లిష్‌లోకి వచ్చింది. తర్వాత్తర్వాత ‘నాకిది నచ్చలేదు’ అనేంతగా పలచబడింది. ఈ రెండు మాటల మధ్య ఇంగ్లిష్ వాళ్లే తికమకపడ్డారు. తనను తాను తక్కువ చేసుకునేవాణ్ని ‘సెల్ఫ్ డెప్రికేటింగ్’ అంటున్నారు, నిజానికి అక్కడ ఉండాల్సింది నాన్నగారి మాటే!

ప్రోగ్రామర్ల దగ్గర దాని అర్థం: ‘ఇప్పటికి పనిచేస్తుంది, కొత్తగా వాడొద్దు, ఎప్పుడో తీసేస్తాం.’ జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ గుర్తు 1997 నుంచీ ఉంది. మీరు పాత వీడియో చూసి కోడ్ దించారని ఒట్టేసి చెప్పగలను. హెచ్చరికను చివరిదాకా చదవండి, బదులు ఏం వాడాలో చాలాసార్లు అందులోనే ఉంటుంది.

పాస్‌వర్డ్ దాచే చోటో, సర్వర్‌తో మాట్లాడే చోటో ఆ మాట కనిపిస్తే మాత్రం అక్కడే ఆగి మార్చండి. వెబ్‌సైట్ల రాకపోకలకు తాళం వేసే టీఎల్ఎస్ 1.0 వచ్చింది 1999లో. దాన్ని అధికారికంగా పక్కన పెట్టింది 2021 మార్చిలో. అంటే 22 ఏళ్లు!

కోడ్ రాసేవాళ్లకు ఆ పసుపు గీతైనా ఉంది. ఫోన్ కొన్నవాళ్లకు ఏముంది? శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నేను టీ తాగే కొట్టాయన ఫోన్ మొన్న చూశాను. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ మూడేళ్ల కిందటిది. రోజు గల్లా అంతా ఆ ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లోకే వస్తోంది. కొత్త మోడల్ వచ్చిందని స్క్రీన్ నిండా ప్రకటన వేసే కంపెనీకి, ‘మీ ఫోన్‌కి ఇక రక్షణ లేదు’ అని ఒక్క ముక్క చెప్పడానికి చోటు దొరకలేదు. కాలదోషం పట్టించడం వాళ్లిష్టం, అది దాచడమే నాకు ఒళ్లు మండే సంగతి.

ఇదంతా ఆయనకు పావుగంట చెప్పాను. ఓపిగ్గా విని, ‘అదంతా సరే గానీ బాబూ, పైన గ్లాసు పగిలింది, కొత్తది ఎంతవుతాది?’ అన్నాడు.