డిశ్చార్జ్‌తోనే ఖర్చు అయిపోతుందనుకుంటే ఎలాగండీ

ఒకావిడ రాశారు: "మా ఆయనకి 44 ఏళ్లు. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్, మొదటి ట్రీట్‌మెంట్ అయిన రెండేళ్లకి తిరగబెట్టింది. మళ్లీ కీమో ఇచ్చారు, పెట్ స్కాన్ క్లీన్‌గా వచ్చింది. ఇప్పుడు తన సొంత స్టెమ్ సెల్స్‌తోనే (రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) ట్రాన్స్‌ప్లాంట్ చేద్దాం అంటున్నారు. ఇన్సూరెన్స్ కొంత ఇస్తుంది. మిగతాదానికి ఎమర్జెన్సీ ఫండ్ మొత్తం తీసేసి, ఇంకా తగ్గితే క్రెడిట్ కార్డు, లోన్ యాప్ వాడదాం అనుకుంటున్నాం. నెలలో ఇంటికొచ్చేస్తారుగా, జీతం మొదలవగానే తీర్చేస్తాం. రెమిషన్ వచ్చింది కదా, అంటే జబ్బు ఆనవాళ్లు కనిపించట్లేదు కదా, బోనస్ వచ్చేదాకా ఆగమని మా మరిది అంటున్నాడు."

ముందు మీ మరిది మాట. రెమిషన్‌లో ఉన్నప్పుడు చేస్తేనే దీనికి ఫలితం ఎక్కువ, కీమోకి జబ్బు లొంగిందని తేలింది కాబట్టే డాక్టర్లు ఇప్పుడు చేద్దామంటున్నారు. 1995లో వచ్చిన పార్మా అనే వైద్య అధ్యయనంలో, తిరగబెట్టి కీమోకి లొంగినవాళ్లలో, ఐదేళ్ల తర్వాత జబ్బు మళ్లీ రాకుండా ఉన్నవాళ్లు ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవాళ్లలో 46 శాతం, ఉత్త కీమోతో సరిపెట్టినవాళ్లలో 12 శాతం. పాత లెక్కే, మందులు చాలా మారాయి, కానీ బోనస్ కోసం ఆగడం మాత్రం వద్దు. డేట్ డాక్టర్ చెప్పాలి, బ్యాంక్ బ్యాలెన్స్ కాదు.

అదే 46ని ఇప్పుడు నా వైపు నుంచి, అంటే డబ్బు లెక్కల వైపు నుంచి చూడండి. మిగతా సగం పైచిలుకు మందికి మళ్లీ ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టేగా. మీ ఆయన బాగుండాలనే నేనూ కోరుకుంటా, కానీ ఆయన ఆరోగ్యం మీద పందెం కాసినట్టు అప్పు చేయొద్దు. "జీతం మొదలవగానే తీర్చేస్తాం" అనే అప్పు అలాంటిదే.

చాలామంది చేసే తప్పు ఇదేనండీ. నా దగ్గరికి ఒకాయన నోట్‌బుక్‌లో లెక్క రాసుకొచ్చాడు, ఇంజెక్షన్లు, సెల్స్ తీయడం, రూమ్, మందులు అన్నీ వరసగా, చివర్లో "డిశ్చార్జ్" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతల కింద పేజీ అంతా ఖాళీ. అసలు లెక్క మొదలయ్యేది అక్కడే.

ఎందుకంటే, నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి మెషిన్ మీద సెల్స్ తీసి ఫ్రీజ్ చేస్తారు, తర్వాత దాదాపు వారం హై డోస్ కీమో, ఆ సెల్స్ మళ్లీ ఎక్కించాక రెండు వారాలకు అటూఇటుగా తెల్ల రక్తకణాలు మళ్లీ పెరుగుతాయి, మొత్తానికి మూడు నాలుగు వారాల్లో ఇంటికి పంపుతారు, ఇంతవరకు మీరు చెప్పింది కరెక్టే. కానీ ఇంటికొచ్చేది నీరసంతో, ఇన్ఫెక్షన్ భయంతో. పనికి వెళ్లడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదట్లో తరచూ రక్త పరీక్షలు, నెలల తరబడి ఇన్ఫెక్షన్ రాకుండా మందులు, పాత వ్యాక్సిన్ల రక్షణ పోతుంది కాబట్టి ఆరు నెలలు దాటాక అవన్నీ మళ్లీ వేయించుకోవడం. ఇంట్లో తోడు ఉండేది ఎవరు? మీరే కదా. మీకూ ఉద్యోగం ఉంటే రెండో జీతానికి కూడా కత్తెర పడుతుంది.

అందుకే ఎమర్జెన్సీ ఫండ్‌ని ముట్టుకోవద్దంటున్నా. మామూలు ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటా, మీకు తొమ్మిది నెలలు ఉండాలి, ఈఎంఐలు, స్కూల్ ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపి. ప్రీమియం అస్సలు ఆపొద్దు, ఈ జబ్బు చరిత్రతో కొత్త పాలసీ దొరకడం కష్టం. ఫండ్‌ని హాస్పిటల్ డబ్బులున్న అకౌంట్‌లో కలపకుండా వేరే అకౌంట్‌లో పెట్టండి, కలిపితే ఒక్క రాత్రిలో అడ్వాన్స్ కింద వెళ్లిపోతుంది.

మరి హాస్పిటల్‌కి ఎక్కడినుంచి అంటారా. ముందు ఇన్సూరెన్స్‌వాళ్లని రాతపూర్వకంగా అడగండి: సెల్స్ తీసి నిల్వ చేసే ఖర్చు వస్తుందా, డిశ్చార్జ్ తర్వాత మందులకి ఎన్ని రోజులు ఇస్తారు, రూమ్ లిమిట్ ఎంత. హాస్పిటల్‌ని కూడా అడగండి, ప్యాకేజీలో ఐసీయూ, ఎక్స్‌ట్రా రోజులు ఉన్నాయా అని. ఇంకోటి, కిలో బరువుకి కనీసం 20 లక్షల స్టెమ్ సెల్స్ కావాలి, మొదటి ప్రయత్నంలో అంత రాకపోతే ఇంకో మందు ఇచ్చి మళ్లీ తీయాలి, దాని బిల్లు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.

ఇంకా తగ్గితే, డిపాజిట్ మీద లోన్, ఆఫీస్ నుంచి సాయం, చుట్టాల దగ్గర వడ్డీ లేని అప్పు కాగితం రాసుకుని, హాస్పిటల్ సోషల్ వర్కర్ చెప్పే ట్రస్టులు, ఈ వరసలో చూడండి. తప్పనిసరై బ్యాంక్ లోన్ తీసుకుంటే కాలం ఎక్కువ పెట్టి ఈఎంఐ చిన్నది చేసుకోండి.

లోన్ యాప్ మాత్రం చదువుతుంటేనే నాకు ఒళ్లు మండింది. కీమో వార్డులో భర్త పక్కన కూర్చుని రికవరీ ఏజెంట్ ఫోన్లు ఎత్తుతారా? ఆ యాప్ ఇప్పుడే తీసేయండి. మీ ఆయన ఆఫీసులో మెడికల్ లీవ్ ఎన్ని నెలలు, అందులో జీతంతో ఎన్ని, జీతం లేకుండా ఎన్ని, అది అడ్మిషన్‌కి ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఆ అంకె వస్తే తొమ్మిది నెలలు చాలో, ఇంకా కావాలో చెప్తా.