పందుల ఫ్లూ టీకాలపై పరిశోధన చేయాలంటే...

ప్రశ్న: మా అమ్మాయి బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉంది. పందుల ఇన్‌ఫ్లూయెంజా టీకాలపై పరిశోధన చేస్తానంటోంది. అందులో భవిష్యత్తు ఉందా? - ఓ తండ్రి, తెనాలి

జవాబు: ఉందండీ, కాకపోతే ఎక్కువగా అమెరికా, ఐరోపాల్లో. మన దేశంలో 2019 పశుగణన ప్రకారం పందులు సుమారు 90 లక్షలే. ఇక్కడి పెంపకందార్లను దెబ్బతీస్తున్నవి ఫ్లూ కాదు, వేరే వైరస్‌లతో వచ్చే క్లాసికల్ స్వైన్ ఫీవర్, 2020లో వచ్చిపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. అందుకే రెండేళ్ల ఎంవీఎస్సీ (పశువైద్య పీజీ) వెటర్నరీ మైక్రోబయాలజీలో చేయమనండి. ఏ వైరస్‌కైనా పనికొస్తుంది. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశపరీక్షతో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐకి ప్రయత్నించవచ్చు.

ఆ రెండేళ్లలో హీమాగ్లుటినేషన్ ఇన్హిబిషన్ పరీక్ష చేతికి పట్టుబడాలి. ఫ్లూ వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించకుండా సీరం (రక్తంలోని ద్రవభాగం)లోని యాంటీబాడీలు ఎంతవరకు ఆపుతాయో ఇందులో చూస్తారు. తేలిగ్గా కనిపిస్తుంది గానీ పంది సీరంతో తిప్పలు పెడుతుంది. సీరాన్ని రిసెప్టర్ డిస్ట్రాయింగ్ ఎంజైమ్‌తో రాత్రంతా 37 డిగ్రీల వద్ద ఉంచి, తర్వాత 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేయాలి. లేకపోతే లేని యాంటీబాడీలు ఉన్నట్టు చూపిస్తుంది. కోడి ఎర్ర రక్తకణాలు పాతబడి పగిలిపోతుంటే ఆ ప్లేటు పారేయడమే.

టైటర్ (సీరాన్ని ఎన్ని రెట్లు పలుచన చేసినా యాంటీబాడీలు పనిచేస్తున్నాయో చెప్పే కొలత) 1:40 దాటింది కదా అని ధీమా పడకూడదు. టీకాలోని హెచ్1 రకం ఫ్లూ వైరస్‌కూ ఫారంలో తిరుగుతున్న హెచ్1కూ పొంతన లేకపోతే, చంపిన వైరస్ టీకా వేసిన పందుల్లోనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరినట్టు ప్రయోగాల్లో తేలింది. ఆ యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కుంటాయి తప్ప దాన్ని ఆపలేవు. ముక్కులో వేసే బలహీనపరచిన జీవ టీకాతో ఐజీఏ (ముక్కు, శ్వాసనాళాల పొరల్లో ఉండే యాంటీబాడీ), టి కణాలు (వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) పుడతాయి కాబట్టి సీరం టైటర్ తక్కువున్నా రక్షణ ఉండొచ్చు. కానీ ఆ టీకా వైరస్ ఫారం వైరస్‌తో జన్యువులు మార్చుకోవడం అమెరికాలో కనిపించింది. ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీలుండగా పందిపిల్లలకు టీకా వేస్తే సరిగా పట్టదు. మంచి థీసిస్‌లన్నీ ఈ చిక్కుల్లోనే ఉన్నాయి. అందుకని టి కణాల వంటి రోగనిరోధక కణాలను లెక్కించే ఎలీస్పాట్, ఫ్లో సైటోమెట్రీ పరీక్షలు కూడా నేర్చుకోవాలి.

పీహెచ్‌డీకి అయోవాలోని ఏమ్స్, బెల్జియంలోని ఘెంట్, బ్రిటన్‌లోని పిర్‌బ్రైట్ చూడండి. ఇంట్లోంచి దూరం పంపడం ఇష్టం లేకపోతే హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి పశు టీకాల సంస్థల్లో క్వాలిటీ కంట్రోల్ వైపు వెళ్లొచ్చు, పని దాదాపు ఇదే.

ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా పందుల ఫారంలో కొన్నాళ్లు పోస్టింగ్ అడగమనండి. పందిని అదిమి పట్టి మెడ దగ్గర రక్తం తీయడం, ముక్కు స్వాబ్ తీయడం పుస్తకంలో రావు. ఒంట్లో జలుబు, జ్వరం ఉన్న రోజు మాత్రం షెడ్డులోకి వెళ్లొద్దు. మన ఫ్లూ పందులకు అంటుతుంది.