క్రూయిజ్ లైన్ మారి ఖరీదైన కేబిన్ తీసుకుంటే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు?

మీరు ఇప్పటిదాకా రాయల్ కరీబియన్‌లో జూనియర్ సూట్‌లోనే వెళ్లారు. వచ్చే వేసవిలో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలతో సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లాలని ఉంది. సెలబ్రిటీ, నార్వీజియన్, హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ అనే వేరే క్రూయిజ్ లైన్లు చూస్తున్నారు. పెద్దవాళ్లకి మంచి సూట్, మీ ఇద్దరికీ బాబుకీ పక్కనే మామూలు బాల్కనీ గది తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. మేమూ రాయల్‌తోనే మొదలుపెట్టి, తరువాత మా అత్తమామలతో కలిసి సెలబ్రిటీ, నార్వీజియన్, హాలండ్ అమెరికా సూట్లలో వెళ్లాం. ప్రిన్సెస్ గురించి మాత్రం మా అక్కావాళ్లు వెళ్లొచ్చి చెప్పింది చెబుతాను.

ముందుగా మీ ప్లాన్ గురించే మాట్లాడాలి. పెద్దవాళ్లకి సూట్, మీకు మామూలు గది అనే ఆలోచన మానుకోండి. సూట్‌కి కట్టే డబ్బులో గది వైశాల్యానికి పోయేది కొంతే. మిగతాదంతా మీ గది కార్డు ఏయే తలుపులు తెరుస్తుందన్నదానికి. సూట్ వాళ్లకే ఉండే రెస్టారెంట్, లాంజ్, డెక్, వాటిని చూసుకునే మనుషులు, అసలు ఖర్చంతా అక్కడుంది. ఆ తలుపులు గది నంబరును బట్టి తెరుచుకుంటాయి, కుటుంబాన్ని బట్టి కాదు. పక్క గదిలో కొడుకు ఉన్నాడని చెప్పినా లోపలికి రానివ్వరు. ఇందులో సిబ్బంది తప్పేం లేదు, ఆ ఏకాంతం కోసమే మిగతావాళ్లు డబ్బు కట్టారు. మీ నాన్నగారు సూట్ రెస్టారెంట్‌లో, మీరు పై డెక్ బఫేలో టిఫిన్ చేస్తుంటే ఒకే పెళ్లికి వచ్చి చెరో పంక్తిలో కూర్చున్నట్టు ఉంటుంది. పైగా ఇంగ్లీషులో మెనూ చదివి అడగడానికి మొహమాటపడే పెద్దవాళ్లయితే, మీరు పక్కన లేకపోతే ఆ రెస్టారెంట్‌కి వెళ్లడమే మానేస్తారు. అందరూ ఒకే తరగతిలో ఉండండి. బడ్జెట్ చాలకపోతే అందరూ ఒక మెట్టు కిందికి దిగండి.

ఇక మీకు అలవాటైన జూనియర్ సూట్ దగ్గర నుంచి లెక్క వేసుకుందాం. రాయల్ పెద్ద షిప్పుల్లో, అంటే ఒయాసిస్, క్వాంటమ్, ఐకాన్ తరగతుల్లో, జూనియర్ సూట్ వాళ్లకి సూట్ రెస్టారెంట్ అయిన కోస్టల్ కిచెన్‌లో రాత్రి భోజనం మాత్రమే ఉంటుంది. సూట్ లాంజ్, మూడు పూటలా కోస్టల్ కిచెన్ కావాలంటే గ్రాండ్ సూట్ నుంచి పైకి వెళ్లాలి. అంటే మీరు ఇప్పటిదాకా చూసింది పెద్ద గది, అసలు సూట్ జీవితంలో కొంచెం రుచి. అందుకే వేరే లైన్‌లో సూట్ అని రాసి ఉన్నదేదో తీసుకుంటే దీనికంటే చాలా ఎక్కువ దొరకొచ్చు, లేదా ఇంతకంటే తక్కువే దొరకొచ్చు.

సెలబ్రిటీలో సూట్ల కంటే కింద కాన్సియర్జ్ క్లాస్, ఆక్వా క్లాస్ అని రెండు తరగతులున్నాయి. కాన్సియర్జ్ క్లాస్‌కి గది దాదాపు మామూలు బాల్కనీ గదే. మంచి డెక్ మీద చోటు, ఎక్కే రోజు ప్రత్యేకంగా లంచ్, అలాంటి చిన్న చిన్న సౌకర్యాలు కలుస్తాయి. దానికి అదనంగా డబ్బు పెట్టాలని నాకైతే అనిపించదు. ఆక్వా క్లాస్ వేరు. గది మామూలుదే అయినా బ్లూ అనే చిన్న రెస్టారెంట్‌లో ఉదయం, రాత్రి భోజనం, స్పాలో వేడి గదులు కలిసి వస్తాయి. అలాస్కా చలిలో రోజంతా బయట తిరిగొచ్చాక ఆ వేడి రాతి బల్లల మీద పడుకుంటే ఒంటినొప్పులు పోతాయి. మా ఆయన నడుమునొప్పికి అది మందులా పనిచేసింది. అయితే బ్లూ వంట తేలిగ్గా, ఉప్పూకారం తక్కువగా ఉంటుంది. మా అత్తయ్యకి రెండో రోజుకే విసుగొచ్చింది. సూట్లన్నీ రిట్రీట్ అనే పేరు కింద ఉంటాయి, స్కై సూట్ నుంచి మొదలు. వాళ్లకి లుమినే రెస్టారెంట్, రిట్రీట్ లాంజ్, డ్రింక్స్, వైఫై ఉంటాయి. ఎడ్జ్ తరగతి షిప్పుల్లో ప్రత్యేకంగా సన్‌డెక్ కూడా ఉంటుంది. ఆ సన్‌డెక్ కరీబియన్‌లో అయితే బంగారం. అలాస్కాలో ఆకాశం కింద తెరిచి ఉన్న ఈత కొలను దగ్గర మీ అమ్మగారు ఎంతసేపు కూర్చుంటారు? మీ రూట్‌లో దాని విలువ సగానికి సగం తగ్గించి చూడండి.

ఎడ్జ్ తరగతి షిప్పులో బుక్ చేస్తే ఇంకో విషయం. అక్కడ చాలా బాల్కనీ గదుల్లో మనకి తెలిసిన బాల్కనీ ఉండదు. గది చివర పెద్ద అద్దం ఉంటుంది, మీట నొక్కితే దాని పై సగం కిందికి దిగుతుంది. ఇన్ఫినిట్ వెరాండా అంటారు. గది పెద్దగా కనిపిస్తుంది, చలిలో లోపల కూర్చునే చూడొచ్చు, అది సుఖమే. కానీ బయటికెళ్లి తలుపేసుకుని రైలింగ్ పట్టుకుని నిలబడటం ఉండదు. అద్దం దించితే ఏసీ ఆగిపోతుంది, వాతావరణాన్ని బట్టి షిప్పువాళ్లు ఆ అద్దాన్ని దించకుండా ఆపేస్తారు కూడా. తెల్లవారుజామున బాల్కనీలో ఒంటరిగా కూర్చుని జపం చేసుకునే మా మామయ్య లాంటివాళ్లకి పాత పద్ధతి బాల్కనీయే నచ్చుతుంది.

నార్వీజియన్‌లో హేవెన్ గురించి వినే ఉంటారు. షిప్పులో ఇంకో చిన్న షిప్పు అన్నమాట. దాని లోపల రెస్టారెంట్, బార్, కొలను ఉన్న ముంగిలి ఉంటాయి. బుకింగ్‌లు, ఏర్పాట్లు చూసే కాన్సియర్జ్, గదికి వచ్చి అవసరాలు చూసే బట్లర్ ఉంటారు. కార్డు లేనిదే ఆ అంతస్తు తలుపు తెరుచుకోదు. నా లెక్కలో అలాస్కాకి ఇదే అన్నిటికంటే బాగా పనికొస్తుంది. కారణం రెండు సౌకర్యాలు. బ్లిస్, ఎంకోర్ లాంటి షిప్పుల్లో ఆ ముంగిలికి మూసుకునే పైకప్పు ఉంది, వాన పడినా వాడుకోవచ్చు. షిప్పు ముందువైపు హేవెన్ వాళ్లకే నిలువెత్తు అద్దాల లాంజ్ ఉంది. మంచుకొండ ఎదురుగా వస్తున్నప్పుడు పబ్లిక్ లాంజ్‌లో కుర్చీ కోసం పొద్దున్నే వెళ్లి కాచుకోవాలి. ఇక్కడ పెద్దవాళ్లు తీరిగ్గా వచ్చి, శాలువా కప్పుకుని, టీ తాగుతూ చూశారు.

కానీ ఇక్కడే జాగ్రత్త పడాలి. నార్వీజియన్ సైట్‌లో క్లబ్ బాల్కనీ సూట్ అని ఇంకోటి కనిపిస్తుంది. ధర హేవెన్ కంటే బాగా తక్కువ. దానికి హేవెన్ తలుపు తెరుచుకోదు. పాత షిప్పుల్లో కొన్నిటిలో హేవెన్ ఉన్నా దానికి సొంత రెస్టారెంట్ ఉండదు. అందుకే లైన్ పేరు చూసి సరిపెట్టుకోకుండా మీరెక్కే షిప్పు డెక్ ప్లాన్, అంటే అంతస్తుల పటం, తెరిచి చూడాలి.

మీరు ఐదుగురు కాబట్టి హేవెన్‌లో రెండు పడకగదుల ఫ్యామిలీ విల్లా ఒకసారి చూడండి. రెండు బాత్‌రూములుంటాయి. మేము తీసుకున్న దాంట్లో రెండో గది చిన్నది, అందులో తెరిస్తే మంచమయ్యే సోఫా ఉంది. పెద్ద గది పెద్దవాళ్లకిచ్చాం. మూడో వ్యక్తి నుంచి టికెట్టు ధర సాధారణంగా తగ్గుతుంది కాబట్టి రెండు సూట్లకి బదులు ఒక విల్లా తీసుకుంటే ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి.

హాలండ్ అమెరికాలో నెప్ట్యూన్ సూట్ ఇంకో రకం సుఖం. విడిగా కంచె కట్టిన ప్రాంతమేమీ ఉండదు. నెప్ట్యూన్ లాంజ్ ఉంటుంది, అందులో కాన్సియర్జ్ కూర్చుంటారు. టిఫిన్‌కి పిన్నకిల్ గ్రిల్‌కి వెళ్లొచ్చు. రాత్రి భోజనం చాలా షిప్పుల్లో అందరితో పాటే డైనింగ్ రూమ్‌లో. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వడం సూట్‌లో భాగం. ఇది విని చిన్న విషయం అనుకోకండి. అలాస్కాకి స్వెటర్లు, థర్మల్స్, సాక్సులు మోసుకెళ్లే ఐదుగురు మనుషులకి సగం పెట్టెలు తగ్గుతాయి. షిప్పు మొత్తం ప్రశాంతంగా ఉంటుంది, ప్రయాణికుల్లో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. అదే మీ బాబుకి ఇబ్బంది కావచ్చు, రాయల్‌లో ఉన్నన్ని ఆటలు ఇక్కడ వెతక్కండి. ఇక్కడా పేర్లతో జాగ్రత్త: సిగ్నేచర్ సూట్, విస్టా సూట్ అనేవి పెద్ద గదులే, నెప్ట్యూన్ లాంజ్‌కి పనికిరావు.

ప్రిన్సెస్‌లో మినీ సూట్ అలాంటిదే. సోఫా, కొంచెం పెద్ద గది, బాత్‌టబ్ ఉంటాయి, అసలు సూట్ వాళ్ల సౌకర్యాలు రావు. అక్కావాళ్లు అదే తీసుకుని గది బాగుందన్నారు, అంతకు మించి వాళ్లు ఆశించలేదు.

అలాస్కాకి మాత్రం కేబిన్ కంటే ముందు రూట్ చూడాలి. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకి రెండు క్రూయిజ్ షిప్పులకే అనుమతి. ఆ అనుమతులు ఎక్కువగా హాలండ్ అమెరికా, ప్రిన్సెస్, నార్వీజియన్ దగ్గర ఉన్నాయి. సెలబ్రిటీ, రాయల్ షిప్పులు ఎక్కువగా హబ్బర్డ్ గ్లేసియర్‌ అనే మంచునదికో ఎండికాట్ ఆర్మ్ అనే సన్నటి సముద్రపాయకో తీసుకెళ్తాయి. అవీ అందంగానే ఉంటాయి. కానీ అమ్మానాన్నలు మళ్లీ ఇంత దూరం వస్తారో లేదో తెలియని ప్రయాణమైతే, నేను గ్లేసియర్ బే ఉన్న రూట్‌లో చిన్న సూట్‌నే ఎంచుకుంటాను, అది లేని రూట్‌లో పెద్ద సూట్ కంటే.

పెద్దవాళ్ల కోసం బుక్ చేసేముందు బాత్‌రూమ్ ఫోటో చూడండి. ఇది ఎవరూ చెప్పరు. జూనియర్ సూట్‌లు, మినీ సూట్‌లలో చాలావాటిలో షవర్ ఉండేది బాత్‌టబ్ లోపలే. షిప్పు ఊగుతుంటే మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ ఎత్తు గోడ దాటి తడి టబ్‌లోకి దిగడం ప్రమాదం. నెప్ట్యూన్ సూట్‌లో మాకు టబ్, షవర్ విడివిడిగా ఉన్నాయి. కొన్నిచోట్ల మామూలు గదిలో ఉండే షవరే పెద్దవాళ్లకి ఎక్కువ అనువు. అలాగే చాలా సూట్లు షిప్పు ముందు చివర, పై అంతస్తుల్లో ఉంటాయి. ఊపు ఎక్కువ తెలిసేది అక్కడే. కడుపులో తిప్పే తత్వం ఉంటే మధ్య భాగంలో, కింది డెక్‌లో గది అడగండి.

తిండి విషయం. సూట్ రెస్టారెంట్లలో మెనూ చిన్నది, శాకాహారం అందులో ఇంకా తక్కువ. బుకింగ్ సమయంలోనే శాకాహారం అని రాయించండి. ఎక్కిన రోజే హెడ్ వెయిటర్‌ని కలిసి మరుసటి రోజుకి పప్పు, కూర, అన్నం కావాలని చెప్పండి. మాకు అన్నిచోట్లా పెద్ద వంటగది నుంచి తెప్పించి పెట్టారు, వంటవాళ్లలో మనవాళ్లు ఉండనే ఉంటారు. అప్పటికప్పుడు అడిగితే మాత్రం కుదరదు. గదిలోకి కెటిల్, రైస్ కుక్కర్ తీసుకెళ్లనివ్వరు. ఇంట్లో చేసిన పచ్చళ్లు కూడా వద్దు, సీల్ వేసిన ప్యాకెట్లు పెట్టుకోండి. పొద్దున ఆరింటికి కాఫీ లేనిదే రోజు మొదలవ్వని పెద్దవాళ్లకి బట్లర్ వల్ల కలిగే అసలు లాభం అదే. మొదటి రోజు సాయంత్రమే టైము, వేడి పాలు విడిగా అని చెప్తే రోజూ ఆ వేళకి తలుపు తడతారు. బట్లర్ ఉన్నారు కదా అని మొహమాటపడి ఏమీ అడగకుండా ఉండిపోతారు మనవాళ్లు. అడగండి, వాళ్ల ఉద్యోగమే అది. నార్వీజియన్‌లో రోజువారీ సర్వీస్ ఛార్జీలో బట్లర్, కాన్సియర్జ్ టిప్ కలిసి ఉండదు, దానికి విడిగా కొంత తీసి పెట్టుకోండి. దాదాపు అన్ని లైన్లలోనూ ఆ ఛార్జీయే సూట్లకి కాస్త ఎక్కువ.

రాయల్‌లో తరచూ వెళ్లేవాళ్లకిచ్చే సభ్యత్వం, అదే మీ క్రౌన్ అండ్ యాంకర్ స్థాయి, రాయల్ గ్రూపులోవే అయిన సెలబ్రిటీ, సిల్వర్‌సీలలో గుర్తిస్తారు. నార్వీజియన్, హాలండ్ అమెరికాలకి వెళ్తే మొదటి నుంచి మొదలనుకోండి. సూట్‌లో వెళ్తే విడి క్యూ, ప్రయారిటీ ఎలాగూ ఉంటాయి కాబట్టి దాని గురించి పెద్దగా బాధపడక్కర్లేదు. ప్రయారిటీ అన్నచోట కూడా కాగితం మీద ఉన్నట్టే జరుగుతుందని అనుకోవద్దు. ఒక లైన్‌లో, పేరు ఎందుకులెండి, చిన్న బోట్లలో ఒడ్డుకి వెళ్లే రోజు సూట్ వాళ్లని ముందు పంపుతామన్నారు, అందరితో పాటే గంటసేపు మెట్ల మీద నిలబెట్టారు. నడవలేనివాళ్లు ఉంటే ముందురోజే కాన్సియర్జ్‌కి గుర్తు చేసి ఉంచండి.

మామూలు గది కొని తరువాత పై గదికి ఇంత ఇస్తామని బిడ్ వేసి సూట్ పట్టవచ్చని కొందరు చెప్తారు. రాయల్‌లో రాయల్‌అప్, సెలబ్రిటీలో మూవ్‌అప్, నార్వీజియన్‌లోనూ అలాంటిదే ఉంది. ఇద్దరు దంపతులైతే వేయండి, పోయేదేం లేదు. రెండు గదుల్లో ఉన్న కుటుంబానికి మాత్రం ఒక గదికి తగిలి రెండోదానికి తగలకపోతే పెద్దవాళ్లు ఒక చివర, మీరు ఇంకో చివర పడతారు. మీ సందర్భంలో నేను దాని జోలికి పోను.

సూట్‌కి డబ్బు కట్టే ముందు వీసాల సంగతి తేల్చుకోండి. విదేశీ జెండాతో నడిచే షిప్పులు మధ్యలో వేరే దేశపు రేవులో ఆగాలని 1886 నాటి అమెరికా చట్టం ఉంది, అందుకే సియాటిల్ అలాస్కా క్రూయిజ్‌లు కెనడాలోని విక్టోరియా లాంటి చోట ఆగుతాయి. విజిటర్ వీసా మీద వచ్చే మీ అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. మీరు హెచ్-1బి మీద ఉంటే మీకూ కావాలి. గ్రీన్ కార్డు ఉంటే పాస్‌పోర్టు, కార్డు రెండూ చెల్లుబాటులో ఉంటే చాలు. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నప్పుడే అప్లై చేయించండి. వీసా లేకపోతే ఎంత పెద్ద సూట్ ఉన్నా రేవు దగ్గరే ఆపేస్తారు, ఆ డబ్బు మామూలుగా తిరిగి రాదు.