ఎఫ్-1 వీసా మీద ఉన్నా పోస్ట్‌డాక్‌కి దారి ఉంది

హెల్త్ సర్వీసెస్ రీసెర్చ్‌లో (వైద్యసేవలు ఎలా అందుతున్నాయో చూసే పరిశోధన) పీహెచ్‌డీ అయిపోవస్తోంది, అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన శిక్షణ) కోసం టి32 ఫెలోషిప్‌కి అప్లై చేస్తే వెనక్కి పంపారు, నా పనే బాగాలేదేమో అని మీరు రాశారు. అలా అనుకోకండి. టి32, దానిలాంటిదే అయిన ఎఫ్32, రెండూ ఎన్‌ఆర్‌ఎస్‌ఏ (పరిశోధకుల శిక్షణకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే నేషనల్ రీసెర్చ్ సర్వీస్ అవార్డు) కిందికి వస్తాయి. వాటికి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. మీ రీసెర్చ్ ఎంత బాగున్నా ఆ గడప దాటనివ్వరు.

మీరు చూడాల్సింది కె99/ఆర్00 అనే గ్రాంటు, ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చేది. దీనికి పౌరసత్వం అడ్డు కాదు. మెంటర్ దగ్గర రెండేళ్ళ వరకు, ఫ్యాకల్టీ ఉద్యోగం వచ్చాక మరో మూడేళ్ళ వరకు డబ్బు ఇస్తారు. అయితే పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్ళు దాటకముందే అప్లై చేయాలి. కాబట్టి ముందు, సొంత ఆర్01 గ్రాంటు (ఎన్‌ఐహెచ్ పరిశోధన ప్రాజెక్టులకి ఇచ్చేది) ఉన్న ప్రొఫెసర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరండి. ఆ జీతానికి ఎన్‌ఆర్‌ఎస్‌ఏ షరతు వర్తించదు. ఇంటర్వ్యూలో మెడికేర్ (అమెరికాలో ప్రధానంగా వృద్ధులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) క్లెయిమ్స్ డేటా ఇప్పటికే వాళ్ళ చేతిలో ఉందా అని తప్పక అడగండి. కొత్తగా తెచ్చుకోవాలంటే నెలలు గడిచిపోతాయి, మీ నాలుగేళ్ళ గడియారం మాత్రం ఆగదు.

గ్రాంటు దరఖాస్తులో మీ పరిశోధన లక్ష్యాలు చెప్పే స్పెసిఫిక్ ఎయిమ్స్ పేజీ ఇప్పుడే మొదలుపెట్టండి. ఒక్కటే పేజీ, కానీ ప్రాణమంతా అందులోనే. నా మొదటి డ్రాఫ్టులో 'వైద్యసేవల నాణ్యత మెరుగుపరచడం' అని రాస్తే మా మెంటర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'ఎవరికి? దేన్ని కొలుస్తావు?' అని పక్కన రాశారు. అది 'గుండె వైఫల్యంతో డిశ్చార్జి అయినవాళ్ళు 30 రోజుల్లో మళ్ళీ చేరడం' అయ్యాకే మిగతా పేజీ కుదిరింది. మీ డ్రాఫ్టు ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.