ఆపరేషన్ అయితే కండోమ్ ఎందుకంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మావారు లారీ డ్రైవరు, నెలకు నాలుగైదు రోజులే ఇంట్లో ఉంటారు. ఆయన లారీ క్లీనరుకు హెచ్‌ఐవీ అని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కండోమ్ వాడమంటే, "నీకు ఆపరేషన్ అయి పదేళ్లయింది, ఇప్పుడెందుకు? నన్ను అనుమానిస్తున్నావా?" అని కోప్పడ్డారు. పదహారేళ్ల మా అమ్మాయికి ఈ సంగతులు చెబుదామంటే అత్తగారు వద్దంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మన దగ్గర ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆడవాళ్లకు ఆపరేషన్ చేయించేస్తారు. ఆ రోజుతో కండోమ్ మాటే ఇంట్లో వినిపించదు. గర్భం రాకుండా చేసే ఆపరేషన్ హెచ్‌ఐవీని ఆపలేదు. "నాకు మావారు తప్ప వేరే లోకం తెలియదు, నాకెలా వచ్చింది?" అని ఏడ్చిన ఇల్లాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్లీనరుకు ఉన్నంత మాత్రాన మీవారికీ ఉన్నట్టు కాదు. కలిసి తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, దోమ కుట్టినా ఇది సోకదు. కానీ మనిషిని చూసి చెప్పలేం, పరీక్షతోనే తేలాలి. ముందు మీరే వెళ్లండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే కేంద్రంలో, రక్తపరీక్ష ఉచితం. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ఉంది. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కొత్తగా సోకితే వెంటనే బయటపడకపోవచ్చు, అందుకే మూడు నెలలకు మరోసారి చేయించుకోండి.

మీవారు లారీ దిగి వచ్చిన రాత్రే ఈ మాట ఎత్తకండి. మర్నాడు నిదానంగా, "నేను చేయించుకున్నాను, మీరూ చేయించుకోండి, అంతవరకు కండోమ్ వాడదాం" అనండి. ఎవరితో తిరిగారని నిలదీస్తే మాట అక్కడే తెగిపోతుంది. చేయి చేసుకుంటారన్న భయముంటే మాత్రం మీరొక్కరే మాట్లాడవద్దు, ఐసీటీసీ కౌన్సెలర్ సాయం తీసుకోండి.

పాజిటివ్ వచ్చినా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో మందులు ఉచితం. రోజూ తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితి నిలకడగా ఉన్నంతకాలం శారీరక సంబంధం వల్ల భాగస్వామికి సోకదు. జబ్బు సాకుతో మిమ్మల్ని ఇంట్లోంచి పంపేయడానికీ అదే చట్టం ఒప్పుకోదు.

ఇక అమ్మాయి సంగతి. పిల్ల రజస్వల అయితే ఊరందరినీ పిలిచి వేడుక చేస్తాం, ఆ పిల్లకు మాత్రం తన ఒంటి గురించి ఒక్క ముక్క చెప్పం. చెబితే చెడిపోతుందని అత్తగారి భయం. ఆమెతో వాదించకుండా, మీరూ అమ్మాయీ మాత్రమే ఉన్నప్పుడు మొదలుపెట్టండి. రక్షణ లేని కలయిక వల్ల, ఒకరికి వాడిన సూది వల్ల, పరీక్షించని రక్తం వల్ల, తల్లి నుంచి బిడ్డకు ఇది సోకుతుందని చెప్పండి. ఇష్టం లేకుండా ఎవరు ముట్టుకున్నా కాదనే హక్కు తనకుందని చెప్పండి. ఎవరైనా బలవంతం చేస్తే 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆసుపత్రిలో మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్‌ఐవీని అడ్డుకునే అవకాశం ఉంది. పిల్ల భయపడి దాచుకుంటే ఆ గంటలు చేజారిపోతాయి. అందుకే, "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నిన్ను తిట్టను" అని ఈ వారమే మాటివ్వండి.